పిలుచుకోవడానికి ఒక పేరు

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, బళ్ళారి గాంధీనగర్‌లోని మా ఇంటి ముందుగదిలో కొడుకూ కోడలూ చాప పరచుకుని, ఇద్దరి మధ్యా మూడు నెలల మనవణ్ణి పడుకోబెట్టుకుని, వాడికి మధ్యపేరు వెతికే పనిలో పడ్డారు. మొదటి పేరు విహాన్ అని వాడు పుట్టిన వారానికే తేలిపోయింది, చివర మా ఇంటిపేరు ఎటూ ఉంటుంది. కానీ రెండు ముక్కలే అయితే పేరు మొండిగా ఉందనీ, నడుమ ఒకటి పడితే నిండుగా ఉంటుందనీ మా కోడలి ఉద్దేశం. కొడుకు ఫోనులో చూసి ఒక్కో పేరూ చదువుతుంటే, ఆ అమ్మాయి దాన్ని విహాన్ పక్కన చేర్చి, విహాన్ తేజ అని ఒకసారి, విహాన్ ఆదిత్య అని ఒకసారి పైకే పిలిచి, పిల్లవాడి మొహంలోకి చూసి, ఊహూ అని తల అడ్డంగా తిప్పుతోంది. పిల్లవాడు మాత్రం ఏ పేరుకూ అభ్యంతరం చెప్పకుండా బొటనవేలు చీకుతున్నాడు.

గోడకు ఆనుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న నన్ను, మీరూ ఒకటి చెప్పండత్తమ్మా అని అడిగింది కోడలు. నా మనసులో ఒక పేరు ఉండనే ఉంది. అది మా ఆయన పేరు. ఆయన పోయి మూడేళ్ళు దాటింది. ఆ పేరు మనవడి పేరులో ఎక్కడో ఒకచోట ఉంటే బాగుండునని వాడు పుట్టిన రోజు నుంచీ అనుకుంటున్నాను. అయితే ఆ పేరు నా నోటితో చెప్పాలి కదా. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయన పోయేవరకూ చెప్పలేదు, పోయాకా చెప్పలేదు, బ్యాంకులో అడిగినా పక్కనున్న కొడుకు వైపు చూశానే తప్ప నోరు మెదపలేదు. నా ఈడు ఆడవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. ఇప్పుడు ఇక్కడ రాయడానికీ చెయ్యి రావడం లేదు కాబట్టి, మీరు కూడా ఆ పేరేమిటని అడగకండి.

అడగలేనివాళ్ళు కథ చెబుతారు. నేనూ అదే పని చేశాను. మా తమ్ముడికి పేరు పెట్టిన వైనం ఎత్తుకున్నాను.

మా వాళ్ళది తెనాలి వైపు. తుంగభద్ర కాలువ కింద నేల చవగ్గా దొరుకుతోందని విని, అక్కడి పొలం చెక్క అమ్ముకుని, సిరుగుప్ప తాలూకా దేశనూరు దగ్గర వరి పొలం కొని, ఇంటిల్లిపాదినీ ఇక్కడికి తెచ్చినవాడు మా తాతయ్య. అప్పుడు అక్కడ ఊరంటూ లేదు, మావంటి కుటుంబాలు వేసుకున్న రెల్లు గుడిసెల వరుస ఉండేది, దాన్ని క్యాంపు అనేవాళ్ళు, ఇప్పటికీ అలాగే అంటారు. ముళ్ళకంప కొట్టించి, నల్లరేగడిని మడులుగా కట్టించి, రెండు పంటలు కళ్ళ చూసి, మూడో ఏడు విషజ్వరంతో తాతయ్య పోయాడు. ఆయన పేరు బసవయ్య. మనవరాలిని కనుక నాకు ఆ పేరు చెప్పడానికి అడ్డు లేదు.

అడ్డు ఉన్నది మా నాయనమ్మకూ అమ్మకూ. ఒకామెకు మొగుడి పేరు, ఇంకొకామెకు మామగారి పేరు. తెనాలి వైపు ఉన్నంతకాలం ఇది పెద్ద ఇబ్బంది కాలేదు, అక్కడ ఆ పేరున్నవాళ్ళు ఊరికి ఒకరో ఇద్దరో ఉంటారు. బళ్ళారి సీమలో అడుగుపెట్టాక కదా తెలిసింది, ఇక్కడ నలుగురు మగవాళ్ళు నిలబడితే అందులో ఒకడు బసప్ప, ఇంకొకడు బసవరాజు, కొట్టు పెట్టుకున్నవాడు బసన్న, కూరల గంప తెచ్చేది బసమ్మ, ఊళ్ళో గుడి బసవన్నది, చివరికి వీధి వెంట తిరిగే ఆబోతు కూడా బసవన్నే. అత్తాకోడళ్ళకు ఊరు ఊరంతా నోరు విప్పడానికి వీల్లేని ఊరై కూర్చుంది. బసవన్న గుడిని అమ్మ ఎడ్ల దేవుడి గుడి అనేది, కొట్టు బసన్నను మూలకొట్టాయన అనేది, ఎవరినైనా పేరు పెట్టి కేకేయాల్సి వస్తే నన్ను గడప బయటికి తోసేది. ఆ రోజుల్లో నా గొంతు క్యాంపు అంతటికీ వినపడేదని పెద్దవాళ్ళు ఇప్పటికీ వేళాకోళం ఆడతారు. అందులో నా గొప్పేమీ లేదు, అంత వాడకం పడింది దానికి.

మా ఇంట్లో ఏడాది జీతానికి కుదిరిన మనిషి పేరు కూడా బసప్పే. మా వైపు పాలేరు అంటారు, ఇక్కడ జీతగాడు అంటారు. అమ్మ అతన్ని ఇదిగో అనీ, ఓయబ్బాయ్ అనీ, ఎడ్లాయనా అనీ పిలిచేదే తప్ప పేరు ఎత్తేది కాదు, నాయనమ్మ అయితే చేతికర్రతో నేల మీద కొట్టి పిలిచేది. దుక్కుల కాలంలో ఒకరోజు పొద్దెక్కినా అతను రాలేదు. కాసేపటికి దేశనూరు అవ్వ వచ్చింది. ఈ అవ్వ మాకు చుట్టం కాదు, నాట్లకూ కలుపులకూ ఆడవాళ్ళను కూడగట్టుకొచ్చే పెద్దమనిషి, ఇక్కడి భాషా పద్ధతులూ మా అమ్మకు నేర్పింది ఆమే. వచ్చి గడప పక్కన కూలబడి, ఆయప్ప ఇంక పనికి రాడంటమ్మా అని మెల్లగా చెప్పింది.

"నా పేరు చెప్పేకి ఆయమ్మకు నామోషీనా, మా నాయిన పెట్టిన పేరప్పా అది, దాంట్లో తప్పేముండాది అని అంటాండాడు," అంది. "ఆంధ్రా నుంచి వచ్చినోళ్ళు మమ్మల్ని మనుషుల్లెక్క చూడరని కూడా అంటాండాడు."

అమ్మ నెత్తిన పిడుగు పడినట్టయింది. అప్పటికే క్యాంపులవాళ్ళకు గీర అని ఊళ్ళో మాట ఉంది, ఆ మాట తన నోటి మూలంగా నిజమవుతోందని ఆమెకు అంతవరకూ తోచలేదు. అమ్మ అసలు సంగతి చెప్పాక అవ్వ చాలాసేపు నవ్వింది, ఆమెతో పాటు అమ్మా నవ్వింది.

"మామ పేరు మేమూ చెప్పమమ్మా. అయితే ఊర్లో ఉండే మొగోళ్ళంతా మామలైతే ఎట్ల బతికేది?" అని, అమ్మ కడుపు వైపు చూసి ఇంకో మాట అంది. "రేపు నీకు కొడుకు పుడితే ఆ పేరే పెడతారు గదా. వాణ్ణి గూడా ఓయబ్బాయ్ అంటావా?"

అంతవరకూ నవ్వుతున్న అమ్మ ఆ మాటకు నవ్వడం మానేసింది. నేనూ చెల్లెలూ అయ్యాక మూడో కాన్పు అది.

బసప్ప మర్నాడే వచ్చేశాడు. అవ్వ విప్పి చెప్పిందేమో, పెద్దాయన పేరు తనకు ఉందని తెలిశాక అతని నడకే మారింది. మా నాయనమ్మ దగ్గరికి వచ్చి, "ఏమన్నా పిలవండమ్మా, పలుకుతా. తెలీక కోపం చేసుకుంటి," అని చెప్పి ఎడ్లను విప్పుకుని పోయాడు. ఆ తరవాత చాలాకాలం, తన పేరు చెప్పకపోవడం తనకొక మర్యాద అన్నట్టు పక్క పొలాల జీతగాళ్ళ దగ్గర చెప్పుకునేవాడని నాన్న నవ్వేవాడు.

కాలువకు నీళ్ళు వదిలిన రోజు తమ్ముడు పుట్టాడు. క్యాంపు మగవాళ్ళంతా తూము దగ్గర కొబ్బరికాయలు కొట్టి, తడిసిన కాళ్ళతో వస్తూ వస్తూ మా ఇంటి ముందు ఆగి, మగపిల్లవాడట అని చెప్పుకుని వెళ్ళారు. పిల్లవాడికి బొడ్డు ఊడకముందే నాయనమ్మ, వీడు మీ నాన్నే అని మా నాన్నతో అనేసింది. అంటే పేరు ఖాయమైపోయినట్టే. దానికి ఎవరూ ఎదురు చెప్పలేదు, చెప్పేదేముంది, ఆయన పేరు పెట్టకపోతే ఇంకెవరి పేరు పెడతారు.

అమ్మ కూడా ఎదురు చెప్పలేదు. పురిటి మంచం మీది నుంచి నాన్నతో ఒకే మాట అంది. ఆయన పేరు పెట్టండి, నాకూ సంతోషమే, కానీ నా కొడుకుని నేను పేరు పెట్టి పిలుచుకోవాలండీ, నాకో పేరు కావాలి అంది. నాన్న మంచివాడే గానీ, అమ్మ మాట నాయనమ్మకు చేరవేయడం, నాయనమ్మ మాట అమ్మకు చేరవేయడం, మధ్యలో తలనొప్పి అని పొలానికి పోవడం, ఇంతకుమించి సంసారంలో తీర్పులు చెప్పేవాడు కాదు.

నాయనమ్మకు కోపం వచ్చింది. ఆమె అన్నదాంట్లోనూ న్యాయం ఉందని ఇన్నేళ్ళ తరవాత అనుకుంటున్నాను. "రెండు పేర్లు పెడితే ఎవరికి వాళ్ళు తేలికైంది పట్టుకుంటారురా. ఆయన పేరు మూలన పడుద్ది," అంది నాన్నతో. ఆమె నోటితో ఆ పేరు చెప్పలేదు, కోడలు చెప్పలేదు, కొడుక్కి తండ్రి పేరుతో పిల్లవాణ్ణి కసరాలంటే నోరు రాదు. ఇక ఇంట్లో ఆ పేరు పలికేవాళ్ళం నేనూ చెల్లెలూ మాత్రమే. మాకూ ఇంకో పేరు దొరికితే ఆ కాస్తా పోతుందని ఆమె భయం. పరాయిచోట పోయిన మనిషికి ఈ నేల మీద గుర్తంటూ మిగిలింది ఆ పేరొక్కటే అని ఆమె అనుకునేది.

చివరికి ఒక షరతు మీద మెత్తబడింది. ఇంకో పేరు పెట్టుకుంటే పెట్టుకోండి గానీ అది చివర ఉండటానికి వీల్లేదు, చివర ఆయనే ఉండాలి, ఆ రెండోది ఇంటిపేరుకూ ఆయనకూ మధ్యలో ఎక్కడో ఇరుక్కోవాలి అంది. ఇప్పటి పిల్లలు మధ్యపేరు అని ముచ్చటపడుతున్నదాన్ని మా నాయనమ్మ ఆనాడు శిక్షగా వేసింది.

అప్పటినుంచి మధ్యలో ఇరుక్కునే పేరు కోసం వెతుకులాట. వెంకట బసవయ్య అన్నాడు నాన్న. వెంకట అనేది రాసుకోవడానికే గానీ పిలవడానికి పనికిరాదని అమ్మ ఒప్పుకోలేదు. నాగ అన్నారు, వీర అన్నారు. వీర బసవయ్య అంటే కర్రసాము చేసేవాడిలా ఉందని క్యాంపులో ఆడవాళ్ళు నవ్వారు. అమ్మ మాత్రం ఎవరూ లేనప్పుడు, వచ్చిన ప్రతి పేరునూ పిల్లవాడి మీదికి వంగి మెల్లగా పిలిచి చూసుకునేది. పిలిచి, ఏదో తేడాగా ఉన్నట్టు మొహం పెట్టి, పొత్తిగుడ్డలు సర్దేది. చిన బసవయ్య అని పెట్టి చిన్నా అని పిలుచుకోమను అని నాయనమ్మ ఒక ఉపాయం పంపింది. అమ్మ దాన్నీ వెనక్కి పంపింది. చిన్నా అంటే క్యాంపులో ఇంటికొకడు తల తిప్పుతాడు, నా పిల్లవాడు ఒక్కడే తిరిగే పేరు కావాలి అని. అత్తగారి ముందు గట్టిగా మాట్లాడి ఎరగని మా అమ్మ, ఈ ఒక్క విషయంలో ఇంత మొండిగా నిలబడుతుందని ఎవరూ అనుకోలేదు. బారసాల దగ్గర పడుతున్నా పేరు తేలలేదు, బాలింత అన్నం సరిగ్గా తినడం మానేసింది, నాన్నకు నిజంగానే తలనొప్పి పట్టుకుంది.

పీటముడి విప్పింది మళ్ళీ దేశనూరు అవ్వే. పిల్లవాడికి ఆముదం రాసి నీళ్ళు పోస్తూ, "ఏందమ్మా, ఒక హెసరుకు, పేరుకు ఇంత గలాటా," అని అడిగి, విషయం విని, వేడినీళ్ళ చెంబు పక్కన పెట్టింది. "కాలువకు నీళ్ళు వచ్చిన దినం పుట్టినోడు. గంగాధర అని పెట్టుకో. ఎనక మీ పెద్దాయన ఉండనే ఉండాడు. శివుడూ ఆయప్పా యాడన్నా ఎడం ఉంటారా?"

అమ్మ ఒకసారి మెల్లగా గంగాధరా అంది. అప్పటికే నీళ్ళ కింద గుక్కపట్టి ఏడుస్తున్నవాడు ఆగలేదు గానీ, అమ్మ మాత్రం ఇంకోసారి అంది. అవ్వ ఊరుకోకుండా, తడిచేతులతోనే పోయి వసారాలో కూర్చున్న నాయనమ్మకు కూడా ఇదే చెప్పింది. నాయనమ్మ ఆ రెండూ కలిపి మనసులోనే అనుకుని చూసుకుంది. గంగాధర బసవయ్య. ముందు దేవుడు, వెనక ఆయన్ను మోసేవాడు. వంక పెట్టడానికి ఆమెకు సందు దొరకలేదు. "గుళ్ళో దేవుడికి ఎదురుగ్గా కూర్చునేది ఆయన పేరేగా," అని మాత్రం అంది. అది ఒప్పుకోవడమే.

బారసాలకు పేరు పెట్టవలసిన మేనత్త తెనాలి నుంచి రాలేకపోయింది, అక్కడ వాళ్ళకు నాట్లు. ఆ స్థానంలో అవ్వను కూర్చోబెట్టారు. మా పద్ధతిలో నాన్న పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాశాక, అవ్వ తన పద్ధతిలో పిల్లవాణ్ణి ఉయ్యాల కిందుగా ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందుకుని, చెవి దగ్గర నోరు పెట్టి కుర్ర్ర్ మని ఊదింది. అంతే, దేశనూరు ఆడవాళ్ళంతా ఒక్కసారిగా లేచి అవ్వ వీపు మీద దబదబా బాదడం మొదలుపెట్టారు. మా క్యాంపు ఆడవాళ్ళు హడలిపోయి ఆపబోయారు. పేరు పెట్టేటప్పుడు అత్తకు వీపు మోగించడం ఇక్కడి శాస్త్రమని తరవాత తెలిసి, మిగిలిన దెబ్బలు వాళ్ళూ వేశారు. అవ్వ నవ్వుతూ, దెబ్బలు తింటూనే, చెవిలో చెప్పాల్సిన పేరును అందరికీ వినపడేట్టు చెప్పింది.

ఆనాటి నుంచి మా అమ్మ ఇంటి నుంచి పొలం దాకా వినపడేట్టు గంగాధరా అని పిలిచేది. వాడికి పాకడం రాకముందు నుంచే పిలిచేది, పనేమీ లేకపోయినా పిలిచేది. నన్ను గడప బయటికి తోసి పిలిపించడం ఆ ఒక్క పేరు విషయంలో లేదు. అంత గొంతు మా అమ్మకు ఉందని మాకు అప్పుడే తెలిసింది.

నాయనమ్మ భయపడినట్టే జరిగింది. నేనూ చెల్లెలూ కూడా రెండు రోజులు బసవయ్యా అని, మూడో రోజుకు గంగాధర్‌లోకి దిగిపోయాం. ఆఖరికి నాయనమ్మే వాణ్ణి గంగాధరా అనాల్సి వచ్చింది, ఆమెకు మాత్రం వేరే దారేముంది. ఆ ఇంట్లో ఆ పేరు పలికినవాడు బసప్ప ఒక్కడే. తన పేరువాడని వాణ్ణి భుజానికెత్తుకుని, "రాప్పా బసవయ్యా, ఎడ్లకు నీళ్ళు చూపిచ్చుకోని వస్తాం," అని కొట్టం వైపు తీసుకుపోయేవాడు. ఆ వేళకు నాయనమ్మకు కొట్టం దగ్గర ఏదో ఒక పని తగిలేది. పేడ సరిగ్గా ఎత్తారో లేదో చూడాలనేది, గడ్డి తడిసిందేమో అనేది. జీతగాడి మీద నమ్మకం లేక కాపలా కాస్తోందని మేము అనుకునేవాళ్ళం.

తమ్ముడు హైస్కూలుకు వచ్చేసరికి ఆమె పోయింది. వాడు సిరుగుప్పలో ఇప్పుడు గంగాధరప్ప, లారీల వాళ్ళకూ వడ్ల వ్యాపారులకూ అందరికీ గంగాధరప్పే. చివర ఇంకో పేరు ఉందని పెళ్ళి శుభలేఖలో చూసి మా మరదలే ఆశ్చర్యపోయింది.

ఇదంతా విని మా కొడుకు పెద్దగా నవ్వాడు. మామ అసలు పేరు ఇదా అన్నాడు. వాళ్ళ తరానికి ఇందులో నవ్వు తప్ప ఏముంది. మా కోడలు మొగుణ్ణి అందరిలోనూ పేరు పెట్టే పిలుస్తుంది, కోపం వస్తే రా కూడా చేరుస్తుంది, ఇద్దరూ హాయిగానే ఉన్నారు, నేనేమీ తప్పు పట్టను. మా రోజుల్లో పేరు దాచుకోవడం మర్యాద అనుకున్నాం, మనిషి ఎదురుగా ఉన్నంతకాలం ఆ మర్యాదకు లోటూ తెలియలేదు, గాజుల చప్పుడుకే తల తిప్పేవాడాయన. ఆయన పోయాక తెలిసింది. కొడుకు నాన్న అంటాడు, కోడలు మావయ్య అంటుంది, నేను ఆయన అంటాను. ఆయన సొంతూరు మోకలో ఆయన్ను పేరు పెట్టి పిలిచే అన్నదమ్ములు ఒక్కొక్కరే పోయారు. ఈ ఇంట్లో ఆ పేరు వినపడి మూడేళ్ళయింది. ఆ పేరు వినాలని ఉంది నాకు. అంతకంటే ఏమీ లేదు.

కోడలు నవ్వలేదు. హోసపేట కన్నడ ఇంటి పిల్ల, మాట తక్కువ, చూపు ఎక్కువ. చిక్కుడుకాయల పళ్ళెం నా ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టి, "అత్తమ్మా, మావయ్య పేరు మధ్యలో పెడితే మీకు పిలిచేకి కష్టమా?" అని అడిగింది. నాకు విహాన్ అనే పేరు ఉంది కదమ్మా, నేను దాంతో గడుపుకుంటాను అన్నాను.

ఆ అమ్మాయి పిల్లవాణ్ణి రెండు చేతులా పైకెత్తి, విహాన్ పక్కన మా ఆయన పేరు చేర్చి, ఏ సంకోచమూ లేకుండా గట్టిగా పిలిచింది. తరవాత ఆ పేరొక్కదాన్నే ముద్దుగా సాగదీసి పిలిచింది. ఈసారి తల అడ్డంగా తిప్పలేదు. బాగుందా అత్తమ్మా అని నా వైపు చూసింది.

ఫ్యాను చప్పుడులో సరిగ్గా వినపడలేదమ్మా, ఇంకోసారి అను అన్నాను. కరెంటు పోయి అప్పటికి గంటయింది.